మూల జాగా నర్సక్కది

నర్సక్క పోయిందని నాకు బడిలో తెలిసింది. మధ్యాహ్నం గంట కొట్టబోయే ముందు, మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుండగా, మా ఇంటాయన తంతి కాగితం పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయన పని చేసే హైస్కూలు నుంచి గబగబా నడిచి వచ్చినట్టున్నారు, ఆయాసపడుతున్నారు. కుప్పంలో, ఆమె పెంచిన పెద్దమ్మాయి ఇంట్లో, ఆ రోజు పొద్దున పోయిందట. పెద్దమ్మాయి కాన్పు కోసం వెళ్ళి అప్పటికి మూడు వారాలు. కాన్పు సుఖంగా జరిగింది. బిడ్డ బాగుంది. కాన్పైన పదో రోజున ఎండలో కూర్చుని అనపకాయలు ఒలుస్తూ, గోడకు ఆనుకుని, అలాగే వెళ్ళిపోయింది. ఈ వివరాలన్నీ తర్వాత తెలిశాయి. కాగితంలో ఉన్నది నాలుగు మాటలే.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. ఆ కాగితం చూడగానే నాకు ముందు ఏడుపు రాలేదు. 'ఆ మూల ఇల్లు ఇప్పుడు ఎవరికి పోతుందో' అనుకున్నాను. ఒక్క క్షణమే. ఆ తర్వాత ఏడుపు వచ్చింది, పిల్లల ముందే కూలబడి ఏడ్చాను. కానీ ముందు వచ్చింది ఆ ఆలోచనే.

మదనపల్లెలో ఆమెను ఎరగనివాళ్ళు తక్కువ. మిషన్ ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు నర్సుగా ముప్పై ఏళ్ళు పని చేసింది. పోయిన ఆదివారం ఆరాధన తర్వాత మా సంఘంలో పదిమంది లేచి ఆమె మంచితనం గురించి సాక్ష్యం చెప్పారు. నన్నూ లేవమన్నారు. నేను లేవలేదు. ఆమె పక్కింట్లో ఎనిమిదేళ్ళు కాపురమున్నాను, ఆ ఎనిమిదేళ్ళూ ఆమెను చూసి కుళ్ళుకున్నాను. అసూయ ఉన్న మనిషి ఎదుటివాళ్ళను చాలా శ్రద్ధగా చూస్తుంది. నాకు తెలిసినన్ని సంగతులు ఆ పదిమందిలో ఎవరికీ తెలియవు. అందుకే నిలబడి చెప్పలేనిది కూర్చుని రాస్తున్నాను.

యుద్ధం మొదలైన రెండో ఏడు. మేము బడి కాంపౌండులో రెండు గదుల క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా ఇంటాయన హైస్కూల్లో మాస్టరు, నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను, మాకు ఇద్దరు మగపిల్లలు. ఉద్యోగం ఉన్నంత వరకే ఆ రెండు గదులు. వయసై దిగిపోయిన మాస్టర్లు సామాను బండికెత్తుకుని ఎక్కడికి పోవాలో తెలియక గేటు దగ్గర నిలబడడం నేను కళ్ళారా చూశాను. నా ఇల్లు అని చెప్పుకునే నాలుగు గోడలు ఉండాలని అప్పటినుంచి నాకు పట్టుకుంది.

ఆ రోజుల్లోనే పుంగనూరు రోడ్డు పక్కన ఒక ఆసామి తన శెనిక్కాయల చేనును ఇళ్ళ జాగాలుగా విడగొట్టి రాళ్ళు పాతించాడు. తంబళ్ళపల్లె వైపు పల్లెనుంచి మనవళ్ళ చదువు కోసం వచ్చి, ఆ చేను కొసన మిద్దె కట్టుకున్న మనిషి. రెండేళ్ళు వరసగా వాన లేక పంట పోయింది. అందుకని జాగాలుగా అమ్మకానికి పెట్టాడు. కానీ ఒక షరతు పెట్టాడు. వెళ్ళిన ప్రతివాళ్ళకూ తన అరుగు మీద కూర్చోబెట్టి అదే చెప్పేవాడు.

"సంసారులకే ఇస్తానప్పా. గోడౌన్లు కట్టేకి ఇయ్యను, సారాయి అంగడికి ఇయ్యను, ఒంటిగాళ్ళకి ఇయ్యను. నా మనవళ్ళు ఆడుకునేకి పక్కిండ్లల్లో పిల్లోళ్ళు ఉండల్ల. అదీ నాకు కావల్సింది."

ఆ చేనుకు శెనిక్కాయల మిట్ట అని పేరు పడిపోయింది. ఆదివారం గుడి అయ్యాక మేము నలుగురం అక్కడికి నడిచిపోయేవాళ్ళం. మొదటిసారే నా కన్ను మూల జాగా మీద పడింది. తూర్పు ముఖం, రెండు వైపులా బాట, వెనక చింతపండు ఎండబెట్టుకునేంత చదునైన బండ. నేను అడుగులతో కొలిచి, గులకరాళ్ళు ఏరి గదులు పేర్చేదాన్ని. 'ఇది వంటిల్లు, ఇక్కడ పిల్లల చాప, ఇక్కడ మీ బల్ల' అని చూపించేదాన్ని. మా ఇంటాయన నవ్వి, "చూద్దాం" అనేవారు. ఆయన జీవితంలో సగం 'చూద్దాం' మీదే నడిచింది.

మా నాన్నను అడగకుండా కొనడం నాకు ఇష్టం లేక పుంగనూరు వెళ్ళాం. మా నాన్న పాడి ఆవుల మధ్య నిలబడి తీరిగ్గా విని, "యుద్ధం ఆగేదాకా ఓపిక పట్టండి, యాల తొందర" అన్నాడు. మా అన్న కూడా అదే అన్నాడు. మూడు వారాలు వాళ్ళ మాటల్లో గడిచిపోయాయి. నాలుగో ఆదివారం నేను మొండికేసి, ఏమైనా సరే కొందామని మిట్టకు తీసుకుపోయాను.

మూల జాగాలో నర్సక్క నిలబడి ఉంది. తెల్లచీర, మడమల దాకా దుమ్ము. నా వంటింటి రాళ్ళు, పిల్లల చాప రాళ్ళు అన్నీ తీసి ఒక పక్కన చిన్న కుప్పగా పోసి ఉన్నాయి. మమ్మల్ని చూసి నవ్వింది.

"రా పంతులమ్మా! ఈ జాగా నేను తీసుకున్యా. మొన్ననే బయానా ఇచ్చినా. ఎవురో పిల్లోళ్ళు ఈడ ఆడుకున్నట్టుండారు, రాళ్ళన్నీ పేర్చినారు."

నేను కూడా నవ్వాను. ఆ నవ్వుకు నా దవడలు నొప్పి పుట్టాయి.

చివరికి దాని పక్కనున్న జాగా తీసుకోవడానికి ఒప్పుకున్నాం. చిన్నది, పడమర ముఖం. ఆ మాట చెప్పడానికి ఆసామి ఇంటికి నేనే వెళ్ళాను. ఆయన సంతోషించాడు. తర్వాత మాటల్లో మాటగా అడిగాడు.

"మూల జాగా తీసుకునింది మీ గుడి మనిషే గదా, ఆ నర్సమ్మ? బాగా తెల్సా నీకు?"

"తెల్సప్పా. శానా మంచిది," అన్నాను. అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. "పాపం, ఒంటి మనిషి."

ఆ 'పాపం' అన్న మాటను ఎంత తియ్యగా అన్నానో నాకిప్పటికీ చెవిలో వినబడుతుంది. ఆసామి మీసం మీద వేలు ఆపి, "అట్లనా" అన్నాడు. నేను ఇంటికి వచ్చి ఆ పూట పిల్లలకు పాయసం చేశాను.

మూడో రోజు సాయంత్రం నర్సక్క మా క్వార్టర్సుకు వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులు ఫినాయిలు వాసన వేస్తున్నాయి.

"నీతో ఒక పని పడింది పంతులమ్మా. నాకు సంసారం లేదని ఆసామి రిజిస్ట్రీ నిలిపినాడు. మా నాయన్నీ పిల్లోళ్ళనీ రమ్మని కుప్పానికి జాబు రాసినా. వాళ్ళు వచ్చినాక నువ్వు గూడా నాతో వచ్చి నాలుగు మాటలు సెప్పల్ల. సదువుకున్న దానివి, నీ మాట వింటాడు."

ఆమెకు పెళ్ళి కాలేదు. చెల్లెలు రెండో కాన్పు తర్వాత పోతే, ఆ ఇద్దరు ఆడపిల్లలను కుప్పంలో తన తండ్రి దగ్గర పెట్టి, జీతం పంపిస్తూ సాకుతోంది. సంఘంలో అందరికీ తెలిసిన సంగతే ఇది. నాకూ తెలుసు. ఆసామి దగ్గర ఒంటి మనిషి అన్నప్పుడు కూడా తెలుసు. "వస్తాలే అక్కా" అన్నాను. ఇంకేమనగలను?

ఆ శనివారం వాళ్ళు దిగారు. పెట్రోలు కరువుతో బస్సులు బొగ్గు మీద నడిచే రోజులు. కుప్పం నుంచి రెండు బస్సులు మారి వచ్చేసరికి ముసలాయన, ఇద్దరు పిల్లలు మసి కొట్టుకుపోయి ఉన్నారు. పెద్దదానికి పన్నెండు, చిన్నదానికి పదేళ్ళు. నర్సక్క వాళ్ళ ముఖాలు కొంగుతో తుడిచి అలాగే ఆసామి ఇంటికి నడిపించింది. వెనక నేను.

ఆసామి పిల్లలను ఎగాదిగా చూశాడు. "వీళ్ళు నీ బిడ్డలేనా నర్సమ్మా?"

"కనింది నా సెల్లెలప్పా. సాకేది నేను."

"మళ్ళా నీకు ఎవురూ లేరంటిరే?" అని ఆయన నా వైపు తిరిగాడు. "ఏం పంతులమ్మా, ఒంటి మనిషని నువ్వే గదమ్మా నాతో అనిందీ?"

నర్సక్క నన్ను చూసింది. కోపంతో చూసి ఉంటే బాగుండేది. పురిటి నొప్పులు పడే మనిషిని చూసినట్టు, ఇంకెంతసేపు తట్టుకుంటుందో అని అంచనా వేస్తున్నట్టు చూసింది. తర్వాత ఆసామి వైపు తిరిగింది.

"ఆమె నిజమే సెప్పిందప్పా. నిన్నటిదాకా ఈ ఊర్లో నేను ఒంటి మనిషినే గదా? వీళ్ళు ఇప్పుడే బస్సు దిగినారు."

ఆసామి ఇంకా సందేహంగా ముసలాయనను అడిగాడు. "నువ్వేమంటావు పెద్దాయనా? ఈడనే ఉంటావా, రిజిస్ట్రీ కాగానే మళ్ళా కుప్పం పోతావా?"

"నా బిడ్డ యాడుంటే ఆడనే," అన్నాడు ముసలాయన.

అంతలో చిన్నది ముందుకొచ్చింది. "మేము ఎగిరేకి ఈడ జాగా ఉండాదా తాతా?"

ఆసామి మీసాల కింద నవ్వు దాచుకోలేకపోయాడు. "ఉండాది పాపా. మిట్టంతా ఎగురు." మంగళవారం రిజిస్ట్రీకి రమ్మన్నాడు.

తిరిగి వస్తూ దారి పొడుగునా నర్సక్క ఏ మేస్త్రి మంచివాడో, సున్నం ఎక్కడ బాగా దొరుకుతుందో మాట్లాడింది. ఆ సంగతి ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాత ఏళ్ళ తరబడీ ఎత్తలేదు. తిడితే తిరిగి తిట్టేదాన్ని. అంత సులువుగా నన్ను కాపాడగలిగినందుకు ఆమె మీద నాకు ఇంకాస్త కుళ్ళు పుట్టింది. నాకు లేనిది ఆమెకు జాగా ఒక్కటే కాదని తెలిసిపోయింది.

ఇళ్ళు రెండూ ఒకే వేసవిలో మొదలుపెట్టాం. యుద్ధంలో సిమెంటు దొరకదు, ఇనుము దొరకదు. మట్టీ సున్నమూ రాయీ దొరికితే అదే భాగ్యం. ఆమె జాగాలోకి మాత్రం వారానికి రెండు బండ్లు రాళ్ళు వచ్చి పడేవి. ఎవరు పంపించారని అడిగితే బండివాడు, "ఈయమ్మ సేతిలో నా బిడ్డ పుట్టినాడు" అనేవాడు. ఒకడు తలుపు చెక్కలు తెచ్చాడు, ఒకడు పెంకులు. మేస్త్రి మునెప్ప మా పునాది సగంలో వదిలి అటు పోయి గోడ లేపేవాడు. గట్టిగా అడిగితే, "ముగ్గురు బిడ్డల్ని తీసిందమ్మా మా ఇంట్లో. నీ పనీ సేస్తా, రోంత ఉండు" అన్నాడు. పదిహేనేళ్ళు నేను ఆ ఊరి పిల్లలకు అక్షరాలు నేర్పాను. ఒక్కరూ నాకు ఒక్క రాయి తెచ్చి ఇవ్వలేదు.

బావి తవ్వితే ఆమెకు నాలుగు నిలువుల లోతులో తియ్యటి నీళ్ళు పడ్డాయి. మాకు రెండు నిలువుల్లోనే బండ తగిలింది. పార ఎత్తి పెట్టి మనుషులు వెళ్ళిపోయారు. ఆమె, "మా బాయి ఉండాది గదా, తోడుకోండి" అంది. నేను తోడుకోలేదు. మూడు నెలలు రోడ్డవతలి దిగుడు బావి నుంచి బిందెలు మోశాను. బడికి పోయే ముందు నాలుగు, వచ్చాక నాలుగు. మా ఇంటాయన నా భుజం మీద కమిలిన చోటు చూసి, "ఎందుకీ పంతం?" అని అడిగారు. నేను ఖాళీ బిందె తీసుకుని మళ్ళీ రోడ్డు దాటాను.

అప్పుడే ఆమె రెండిళ్ళకూ మధ్య ప్రహరీ కట్టిస్తోంది. గోడ బావి దాకా వచ్చి ఆగిపోయింది. ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది.

"రాళ్ళు సాల్లేదు పంతులమ్మా," అంది నాతో. "మళ్ళా యప్పుడన్నా పూడుస్తాలే."

ఆమె వాకిట్లో ఇంకా రెండు బండ్ల రాళ్ళు ఉన్నాయి. నాకు కనబడుతూనే ఉన్నాయి. మర్నాడు పొద్దున నేను బిందె తీసుకుని ఆ సందులోంచి వెళ్ళాను. ఆమె తన అరుగు మీద చిన్నదానికి జడ వేస్తోంది. తలెత్తి చూసి మళ్ళీ జడలోకి తల దించుకుంది.

ఇవన్నీ కృతజ్ఞతతో చెప్పుకోవాల్సినవే. ఇప్పుడు ఆ కృతజ్ఞత ఉంది. అప్పుడు మాత్రం ప్రతి బిందె నీళ్ళలోనూ నాకు నా ఓటమి కనబడేది.

మిట్ట మీద ఒక్కొక్క ఇల్లే లేచింది. ఏడాదికల్లా పది కాపురాలు. సాయంత్రమైతే పిల్లల అరుపులతో చెవులు గింగుర్లెత్తేవి. మా ఇంటాయన పరీక్ష పేపర్లు దిద్దుకోలేక బయటికొచ్చి కేకలేసేవారు. నర్సక్క మాత్రం డ్యూటీ దిగి, బావి దగ్గర కాళ్ళు కడుక్కుని, వెనక మెట్టు మీద కాళ్ళు చాపి, బెల్లం కాఫీ తాగుతూ వినేది. "అరవనీ సారూ. ఇల్లంటే పిల్లోళ్ళు అరిసేకి ఒక సోటు. ఆసుపత్రిలో సూడు, అరవని పిల్లోళ్ళ కాడనే మాకు బయం" అనేది. మా మగపిల్లలిద్దరూ నర్సత్తా, నర్సత్తా అని అక్కడే ఉండేవాళ్ళు. నేను చేసిన చారు వద్దని ఆమె చేసిన చారు తాగి వచ్చేవాళ్ళు. ఎలా చేస్తుందని ఒకసారి దొంగచాటుగా చిన్నదాన్ని అడిగాను. మిరియాలు ఎక్కువ వేస్తుందట, అంతే. నేనూ వేశాను. పిల్లలు తేడా కనిపెట్టి, "నర్సత్తదే బాగుంటాది" అన్నారు.

ఆమెకు లేనిది ఒకటి నా దగ్గర ఉండాలని, మా నాన్న దగ్గర పోరి పుంగనూరు ఆవును తెప్పించుకున్నాను. నడుం దాటని పొట్టి ఆవు, మేత తక్కువ, పాలు చిక్కన. మిట్టంతా వచ్చి చూసింది. నర్సక్క కూడా వచ్చి దాని గంగడోలు నిమిరి, "ఎంత ముద్దుగుండాది! ఇది మా వంటింట్లో గూడా పడుతుంది" అని మనసారా మెచ్చుకుంది. ఆ ఒక్క రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. మర్నాటి నుంచి ఆ ఆవు మా గడ్డి తిని, పోయి ఆమె గోడకు తల ఆనించి పడుకునేది.

మా కూతురు రూతు పుట్టిన రోజు చెప్పాలి. ఎండాకాలం, మిట్ట మధ్యాహ్నం. నొప్పులు ముందుగా వచ్చాయి. ఆసుపత్రికి పోవడానికి జట్కా కోసం మా ఇంటాయన పరుగెత్తారు. నర్సక్క ఆ పూట ఇంట్లోనే ఉంది. కాన్పుకు తోడు వచ్చిన మా అత్తగారు నా తల దగ్గర ఏడుస్తుంటే, "ముందు నీళ్ళు కాగబెట్టు పెద్దమ్మా, ఏడ్సేది మళ్ళా ఏడుస్తువు" అని బయటికి పంపేసింది. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది. నాకు ఆ సంగతి ఆమె చెప్పలేదు, ఆమె ముఖంలో చదివాను. నేను చచ్చిపోతాననుకున్నాను. చచ్చేముందు ఒక మాట చెప్పేయాలనుకున్నాను.

"అక్కా... ఆ పొద్దు ఆసామి కాడ నేను..."

"ఇప్పుడు ఊపిరి బట్టు. మాటలు మళ్ళా."

"కాదక్కా, నేను కావాలనే..."

"తెల్సు. ముక్కు!" అని గద్దించింది.

రూతు పుట్టింది. నీలంగా, చప్పుడు లేకుండా పుట్టింది. నర్సక్క దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచి, నోట్లో నోరు పెట్టి ఊది, మళ్ళీ చరిచింది. అది ఏడ్చింది. అప్పుడు నర్సక్క నేల మీద చతికిలబడింది. జట్కా వచ్చేసరికి బిడ్డ నా పక్కలో ఉంది. మాటలు మళ్ళా అంది గదా, ఆ మళ్ళా రాలేదు. నేను తేలేదు, ఆమె అడగలేదు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు ఆమె ఉద్యోగం విరమించింది. ముసలాయన అంతకు ముందే పోయాడు. పెద్దమ్మాయికి కుప్పంలోనే సంబంధం కుదిరి వెళ్ళిపోయింది, చిన్నది నర్సు ట్రైనింగుకు హాస్టల్లో చేరింది. ఉద్యోగంలో చివరి రోజు ఆసుపత్రిలో దండ వేసి పంపారు. ఆ సాయంత్రం ఆ దండ చేతిలో పట్టుకుని వెనక మెట్టు మీద కూర్చుని ఉంది. నేను నీళ్ళకు వెళ్ళాను. బిందె పక్కన పెట్టి మొదటిసారి ఆమె పక్కన కూర్చున్నాను.

తనే అంది, "నిన్ను సూసి నాకు ఎంత కుళ్ళో తెల్సా పంతులమ్మా?"

నేను సరిగా వినలేదనుకున్నాను.

"నిజమే సెప్తాండాను. ఈ మిట్ట మీద రాళ్ళు పాతిన కొత్తల్లో నేను ఆదివారం డ్యూటీకి ఈ రోడ్డునే పొయ్యేదాన్ని. నువ్వు ఈడ నిలబడి నీ మొగునికీ బిడ్డలకీ సూపిస్తాంటివి. ఈడ వంటిల్లు, ఈడ సాప అని. సారు నవ్వుతాండె. పిల్లోళ్ళు లేని గుమ్మంలోంచి లోపలికీ బయటికీ పరిగెత్తుతాండ్రి. నాకు జాగా కొనల్లని ముందు ఆలోసన లేదు. నిన్ను సూసినాకనే పుట్టింది. నీ ఇల్లే కావల్లనిపించింది నాకు. నువ్వు మూడు వారాలు కనబడకపోయేసరికి, పోయి బయానా ఇచ్చేసినా."

"అయితే ఆ రాళ్ళు..."

"నీవేనని తెల్సు. తెలిసే, పిల్లోళ్ళు ఆడుకున్నారని అంటి. ఆ మాటతో నీ మొకం మాడింది సూసి, రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకే ఆసామి ఇంట్లో నిన్ను ఏమీ అన్లేకపోతి. నేను సేసిందాని ముందు నువ్వు సేసిందెంత?"

ఆమెను మహా ఓర్పు గల మనిషనుకుని నేను ఏడేళ్ళు కుళ్ళుకున్నాను. ఆమె నాకు సరిసమానంగా నిలబడి ఉందని ఆ పూట తెలిసింది. ఇద్దరం నవ్వాం. చాలాసేపు నవ్వి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాం. "మరి జాగా ఇచ్చేస్తావా నాకు?" అని అడిగాను. "సచ్చినా ఇయ్యను" అంది.

ఆ తర్వాత ఒక్క ఏడాదే ఉంది.

తంతి వచ్చిన రోజే బయల్దేరి పొద్దుగూకే వేళకు కుప్పం చేరాం. మర్నాడు పొద్దున సమాధి చేశారు. గుడుపల్లె నుంచి, చుట్టు పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చారు. పెట్టె దగ్గర, తల వైపు నిలబడే చోటును ఎవరో దూరపు చుట్టం ఆక్రమించుకుని శోకాలు పెడుతోంది. నా చోటును ఆమె తీసుకుందని నాకు ఒళ్ళు మండింది. నా చావుకు ఇంతమంది వస్తారా అని కూడా అనుకున్నాను. ఎంత ప్రయత్నించినా ఈ గుణం నన్ను వదలలేదు. పాటలు పాడి మట్టి వేశాక, ఆమె మదనపల్లెకు ఇక రాదనీ, కుప్పం ఎర్రమట్టిదే అయిపోయిందనీ అర్థమైంది. ఆ ఊరి మీద, ఆ ఊరి మట్టి మీద పట్టలేని అసూయ వచ్చింది. ఈ ఒక్క అసూయకు నేను సిగ్గుపడడం లేదు.

నెల తిరిగాక అమ్మాయిలిద్దరూ ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. పెద్దది చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని నా అరుగు మీద కూర్చుంది.

"పెద్దమ్మ సెప్పి పెట్టినాదమ్మా. ఇల్లు అమ్మాల్సి వస్తే ముందు పంతులమ్మని అడగండి, ఆయమ్మకి ఆ జాగా మీద శానా ఆశ అని."

మా ఇంటాయన నా వైపు చూశారు. ఈసారి ఆయన 'చూద్దాం' అనలేదు. నేను ఏమంటానో దానికి సిద్ధంగా ఉన్నారు.

చిన్నది గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళు. ట్రైనింగు ముగియవస్తోంది, ఇక్కడే ఆసుపత్రిలో పని ఇస్తామన్నారట. నేల చూస్తూ అంది, "నాకు అమ్మల్లని లేదు. కానీ పెండ్లి గాని ఒంటిదాన్ని, ఈ మిట్ట మీద నన్ను ఉండనిస్తారా?"

నా కళ్ళు ఆ తూర్పు గుమ్మం మీదే ఉన్నాయి. నోరు మాత్రం ఇంకో మాట అంది. "అమ్మొద్దు. ఆసామితో నేను మాట్లాడతా."

ఆసామికి ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు. జాగాలు అమ్మేశాక ఆయనకు హక్కంటూ ఏమీ లేదు, అయినా మిట్ట మీద ఆయన మాట దాటి ఎవరూ పోరు. నా గొంతు గుర్తుపట్టి దగ్గర కూర్చోమన్నాడు. విషయం విని, "మళ్ళా ఒంటి మనిషేనా పంతులమ్మా?" అన్నాడు.

"ఒంటిది యాల అవుతుందప్పా? పక్కన మేముండాము గదా."

ఆయన మీసం నిమిరాడు. "సరే. ఎగరమను," అన్నాడు.

మొన్న శనివారం చిన్నది హాస్టలు నుంచి పెట్టె తెచ్చుకుంటానని వెళ్ళింది. అది వచ్చేలోపల ఇల్లు ఊడ్చి పెడదామని నేను తాళం తీసుకుని వెళ్ళాను. ఎనిమిదేళ్ళలో వాకిలి, అరుగు, బావి తప్ప లోపలికి నేను పోయింది లేదు. పోతే పోల్చుకుంటానని భయం. మూడు గదులు. ఒక మంచం, గోడకు ఒక క్యాలెండరు, గూట్లో బైబిలు, కత్తెర. ఇంత తక్కువ సామాను చూసి నేను ఇన్నేళ్ళు కుళ్ళుకున్నానా అనిపించింది. ఊడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చాను. పొయ్యి పక్కన చిన్న కిటికీ ఉంది. దాని ముందు, రెండు పాదాలు పట్టేంత మేర, గచ్చు రంగు పోయి నున్నగా ఉంది.

చీపురు గోడకు ఆనించి నేను అక్కడ నిలబడి చూశాను.

కిటికీ నిండా మా ఇల్లే. పొద్దు వాలుతోంది, పడమటి ఎండ మా అరుగు మీద పడి గోడంతా పసుపుపచ్చగా ఉంది. తీగ మీద నా చీర, పిల్లల నిక్కర్లు. లోపలి నుంచి పెద్దవాడు పద్యం బట్టీపడుతున్నాడు, చిన్నవాడు వాడిని వెక్కిరిస్తున్నాడు. మా ఇంటాయన అరుగు మీద కూర్చుని రూతును కాళ్ళ మధ్య నిలబెట్టుకుని తల దువ్వుతున్నారు. ఆయనకు పాపిడి తీయడం రాదు. తీస్తున్నారు, వంకర పోతోంది, చెరిపి మళ్ళీ తీస్తున్నారు. రూతు ఓపిక పట్టలేక తల విదిలించుకుని మెట్లు దూకి పారిపోయింది. ఆయన దువ్వెన ఎత్తి పట్టుకుని, చెప్పులు లేకుండానే, దాని వెంట పరుగెత్తారు.